జెమినిడ్స్ ఉల్కల ఫోటోలకి కళింగపట్నం బీచ్ సరిపోతుందా?

గంటస్తంభం కుర్రాడు, విజయనగరం:

అందరికీ నమస్తే. డిసెంబరు 13, 14 రాత్రుల్లో జెమినిడ్స్ ఉల్కాపాతం ఉంది కదా, ఈసారి ఎలాగైనా ఫోటోలు తీయాలని ఉంది. 2024లో సరిగ్గా పౌర్ణమి ముందు పడింది, ఆ వెన్నెల్లో ఏమీ తేలలేదు. ఈ ఏడాది (2026) అమావాస్య 9వ తేదీనే వెళ్ళిపోతోంది. నెలవంక పది గంటల ప్రాంతానికల్లా అస్తమిస్తుంది, మిగతా రాత్రంతా చీకటే.

నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న కెనాన్ 1500డి ఉంది. దాంతో వచ్చిన 18-55 కిట్ లెన్సు, విడిగా కొనుక్కున్న 50 ఎం.ఎం. 1.8, ఒక ట్రైపాడ్. విజయనగరంలో మా మేడ మీద నుంచి గొరుకొయ్యలు (ఓరియన్ నడుములో వరసగా ఉండే మూడు చుక్కలు), పిల్లలకోడి (కృత్తికలు), ఇంకో పది చుక్కలు తప్ప ఏమీ కనిపించవు. అందుకని ఫ్రెండ్స్ అందరం బైకుల మీద కళింగపట్నం బీచ్‌కి పోదామని ప్లాన్.

ఒక డౌట్ మాత్రం తేలట్లేదు. దీపావళి వెళ్ళాక ఒక సాయంత్రం చింతపల్లి బీచ్‌లో ట్రయల్ వేశాను. మొదటి గంట చుక్కలు షార్ప్‌గా వచ్చాయి. ఆ తరవాత ఒక్కో చుక్కా ఉబ్బడం మొదలైంది, చివరికి ఫ్రేమంతా తెల్లటి మసక. ఫోకస్ రింగు ముట్టుకోలేదు. తలెత్తి చూస్తే మబ్బు లేదు. లెన్సు పోయిందా అని టెన్షన్ పట్టుకుంది. కానీ మర్నాడు ఇంట్లో బాగానే పనిచేసింది. ఇదేంటో ఎవరైనా చెప్తారా? సెట్టింగులు కూడా చెప్పండి. మావాడొకడు ఫోనుంటే చాలు, కెమెరా దండగ అంటున్నాడు, దానికీ జవాబు కావాలి.

బీచ్ బ్యాచ్, శ్రీకాకుళం:

కళింగపట్నం సూపర్ ప్లేస్ బ్రో, కళ్ళు మూసుకుని వెళ్ళిపోండి. సముద్రం వైపు ఊళ్ళే ఉండవు కాబట్టి లైట్లుండవు. ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సారు ఎంత చురుగ్గా ఉండాలో చెప్పే అంకె) 6400, 30 సెకన్లు, ఫోకస్ ఇన్ఫినిటీలో పెట్టేయండి. ఫోన్ అయితే ప్రో మోడ్. స్వెట్టర్ మర్చిపోవద్దు.

పెళ్ళి ఫోటోల అన్నయ్య, నరసన్నపేట:

తమ్ముడూ, ముందు నీ తెల్ల మసక సంగతి చెప్తాను. అది ఫోకస్ కాదు, మబ్బు కాదు, లెన్సు పాడవడమూ కాదు. మంచు. ఆకాశం తేటగా ఉన్న రాత్రి, పైకి చూస్తున్న వస్తువు ఏదైనా తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తూ చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడిపోతుంది. అలా చల్లబడిన అద్దానికి గాలిలో తేమ పడుతుంది. అర్ధరాత్రి బైకు సీటు మీద చెయ్యి వేసి చూడు, తడిగా ఉంటుంది. నీ లెన్సు ముందు అద్దం మీద జరిగిందీ అదే. సముద్రం ఒడ్డున తేమ ఎక్కువ కాబట్టి గంటలోనే పట్టేసింది.

నేను నరసన్నపేటలో పెళ్ళిళ్ళకి ఫోటోలు తీస్తాను. తెల్లవారుజాము ముహూర్తాల పుణ్యమా అని రాత్రంతా మెలకువగా ఉండటం ఒంటికి పట్టేసింది. పెళ్ళి లేని రాత్రి ఊరికే దొర్లడమెందుకని ఆకాశం మీద పడ్డాను. ఈ జెమినిడ్స్ కూడా మాలాంటోళ్ళ కోసమే పెట్టినట్టు ధనుర్మాసానికి ఒకటి రెండు రోజుల ముందు పడతాయి. ఆ తరవాత నెల్లాళ్ళు పెళ్ళిళ్ళుండవు, రాత్రి నిద్ర పోయినా బేరం పోదు.

ఇక బీచ్. నా మాట వింటే ఉల్కలకి బీచ్ వద్దు. పై తమ్ముడు సముద్రం వైపు లైట్లుండవన్నాడు గాని, డిసెంబరులో చేపల వేట జోరుగా సాగుతుంది. బోట్ల మీద ఎల్‌ఈడీ బల్బులు ఫ్రేము కిందంతా తెల్లగా పూసేస్తాయి. ఒడ్డు వెంబడి రొయ్యల చెరువుల లైట్లు తెల్లార్లూ వెలుగుతాయి. కళింగపట్నంలో లైట్‌హౌసు ఉండనే ఉంది, అది నీ ప్రతి ఫ్రేములోనూ ఓ చుట్టు చుట్టి వెళ్తుంది. వీటికి తోడు ఉప్పుగాలి. లెన్సు మీద ఉప్పు తుంపర పడ్డాక కర్చీఫుతో తుడిచావంటే కోటింగు మీద గీతలు పడతాయి.

అసలు మన సముద్రం చూసేది ఆగ్నేయం వైపు. అటునుంచి లేచేవాటికి బీచ్‌ని మించింది లేదు. 2024 సెప్టెంబరు చివర్లో సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క తెల్లవారకముందు తూర్పున బాగా కిందగా కనిపించింది. అలాంటిది పట్టాలంటే కొండా చెట్టూ అడ్డం లేని సముద్రపు అంచే కావాలి, నేను బారువ వెళ్ళి మబ్బు సందుల్లోంచి తీశాను. పాలపుంత నడిబొడ్డు కూడా అంతే, వేసవిలో ఆగ్నేయం నుంచి నిటారుగా లేస్తుంది. దానికి ఒక కిటుకు చెప్తాను, ఎక్కడా రాసి ఉండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతా మరబోట్ల వేట నిషేధం. ఆ రెండు నెలలూ సముద్రం మీద బోటు లైట్లు దాదాపు ఉండవు. అందులో వచ్చే అమావాస్య రాత్రుల్ని క్యాలెండరులో గీసి పెట్టుకో.

జెమినిడ్స్ లెక్క వేరు. అవి బయల్దేరుతున్నట్టు కనిపించే చోటు మిథున రాశిలో, పునర్వసు చుక్కల పక్కన ఉంటుంది. మన దగ్గర రాత్రి ఏడు గంటల ప్రాంతంలో ఈశాన్యాన లేచి, రెండు గంటలకి దాదాపు నడినెత్తికి వస్తుంది. నెత్తి మీద జరిగే దానికి సముద్రం ఏం చేస్తుంది?

కాబట్టి కళ్ళానికి పో. నిజంగానే అంటున్నాను. డిసెంబరు రెండో వారానికి మన వైపు వరి కోతలు అయిపోయి కళ్ళాల్లో కుప్పలు వేసి ఉంటాయి. చుట్టూ కోసేసిన మళ్ళు, నాలుగు వైపులా ఆకాశం. కుప్పలకి కాపలా పడుకునేవాళ్ళు ఉంటారు, తోడు ఉంటుంది. ఎవరు మీరు, ఎందుకొచ్చారు అని అడిగేవాడు ఉండడు, నీకు తెలిసినవాళ్ళ కళ్ళమైతే. నేను మెళియాపుట్టి దారిలో మా బావమరిది కళ్ళానికి పోతాను. ఒక్కటే కష్టం, రాత్రి నూర్పుకి ట్రాక్టరు వచ్చిందంటే హెడ్‌లైట్లు, దుమ్ము. ముందే ఫోన్ చేసి కనుక్కో. సాలిహుండం కొండ అని కొందరు చెప్తారు, చోటు బాగానే ఉంటుంది గాని అది రక్షిత కట్టడం, చీకటి పడ్డాక లోపలికి పోనివ్వరు.

ఇప్పుడు కెమెరా. చాలామందికి పట్టని సంగతి ఒకటుంది. చుక్కలకైతే ఎక్స్‌పోజరు పెంచేకొద్దీ వెలుతురు చేరుతుంది. ఉల్క అలా కాదు, సెన్సారు మీద ఒక్కో చోట రెప్పపాటు కూడా నిలవదు. 30 సెకన్లు తెరిచినా, 10 సెకన్లు తెరిచినా ఉల్క గీత వెలుగు ఒక్కటే. ఎక్కువసేపు తెరిస్తే వెనకాల ఆకాశం తెల్లబడి ఉన్న గీత కూడా అందులో కలిసిపోతుంది. ఉల్కకి పనికొచ్చేవి లెన్సు నోరు ఎంత పెద్దది, ఐఎస్ఓ ఎంత అన్నవే. నీ కిట్ లెన్సు 18 దగ్గర 3.5లో తెరిస్తే నోరు (18ని 3.5తో భాగిస్తే) 5 మిల్లీమీటర్లు. నీ 50 లెన్సుది దాదాపు 28. అందుకని 50తో సన్నటి ఉల్కలు కూడా పడతాయి. కానీ అది చూసేది ఆకాశంలో చిన్న ముక్క, 18 చూసేది చాలా వెడల్పు. దొరికే ఉల్కల సంఖ్యలో పెద్ద తేడా నాకు కనపడలేదు. బొమ్మ అందం మాత్రం 18దే, కింద కుప్పలు, చెట్లు కూడా వస్తాయి. మీలో ఇంకెవరి దగ్గరైనా కెమెరా ఉంటే 50 వాడికియ్యి.

18 దగ్గర 3.5, ఐఎస్ఓ 3200, 15 సెకన్లు. ఇంతకు మించి తెరిస్తే చుక్కలు సాగుతాయి. రా ఫార్మాట్ (కెమెరా కుదించకుండా దాచే ఫైలు). వైట్ బ్యాలెన్సు (ఫోటో రంగుల సర్దుబాటు) ఆటోలో వద్దు, వైట్ ఫ్లోరసెంట్ దగ్గర కట్టెయ్యి, అది దాదాపు 4000 కెల్విన్. మెనూలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అని ఉంటుంది, అది తప్పకుండా ఆపు. ఆపకపోతే ప్రతి ఫోటో తరవాత అంతే సేపు కెమెరా కళ్ళు మూసుకుని కూర్చుంటుంది, సగం రాత్రి అక్కడే పోతుంది. లెన్సు మీద స్టెబిలైజరు కూడా ఆఫ్. ఇన్ఫినిటీ గుర్తుని నమ్మొద్దు, నీ కిట్ లెన్సుకైతే ఆ గుర్తే ఉండదు. మాన్యువల్‌లో పెట్టి, లైవ్ వ్యూలో బాగా వెలిగే చుక్కని పదింతలు పెద్దది చేసి, అది ఎంత చిన్నగా కనిపిస్తే అంత చిన్నగా వచ్చేదాకా రింగు తిప్పు. తరవాత ఫోకస్ రింగుకీ జూమ్ రింగుకీ ఇన్సులేషన్ టేపు చుట్టెయ్యి. కెమెరాని పైకెత్తితే కిట్ లెన్సు జూమ్ దానంతటదే జారుతుంది.

1500డిలో ఇంటర్వెల్ టైమరు లేదు. డ్రైవ్ మోడ్ కంటిన్యుయస్‌లో పెట్టి, లాక్ ఉన్న వైరు రిమోటు గుచ్చి, బటన్ లాక్ చేసి వదిలెయ్యి. ఒకదాని వెనక ఒకటి తీసుకుంటూ పోతుంది. గంటకి 240 ఫోటోలు, ఆరేడు జీబీ. కార్డు చూసుకో. బ్యాటరీలు కనీసం మూడు, చలికి తొందరగా దిగిపోతాయి, జేబులో ఒంటికి ఆనించి ఉంచు.

మంచుకి మందు: యూఎస్‌బీ లెన్సు హీటరు పట్టీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, పవర్ బ్యాంకుతో నడుస్తుంది. ముందు అద్దానికి ఎంత దగ్గరగా చుడితే అంత మంచిది. మంచు పట్టాక ఆన్ చేస్తే ఆరడానికి చాలాసేపు పడుతుంది, మొదటి నుంచే గోరువెచ్చగా ఉంచాలి. హుడ్ కూడా పెట్టు.

అన్నట్టు, పెళ్ళిలో అరుంధతిని చూపించేటప్పుడు పంతులుగారు షామియానా సందులోంచి ఎటో చెయ్యి చూపిస్తారు, మేం అటు చూస్తున్న జంటని ఫోటో తీస్తాం. ఈ నెలలో అరుంధతి నిజంగా కావాలంటే అర్ధరాత్రి దాటాక ఈశాన్యాన సప్తర్షులు పైకొస్తారు, తోకలో మధ్య చుక్క పక్కన. మీలో పెళ్ళి కావాల్సినవాళ్ళు ఇప్పుడే చూసి పెట్టుకోండి.

ఫిజిక్స్ టీచరమ్మ, బొబ్బిలి:

అన్నయ్యగారు చాలా బాగా చెప్పారు. కళ్ళం విషయంలో మాత్రం ఒక సవరణ. ఏరు పక్కన గాని చెరువు కింద గాని ఉన్న పల్లంలో కళ్ళమైతే తెల్లవారుజామున పొగమంచు దిగుతుంది. మా బొబ్బిలి వైపు వేగావతి దగ్గర డిసెంబరులో మూడు దాటాక చుక్కలే కనబడని రోజులుంటాయి. లెన్సు హీటరు అద్దాన్ని కాపాడుతుంది, గాలిలో కమ్మిన మంచుని ఏమీ చేయలేదు. మెట్ట పొలం, కొంచెం ఎత్తు మీద ఉన్నది చూసుకోండి. మడ్డువలస, తాటిపూడి రిజర్వాయర్ల గట్లు కూడా ఇదే కారణంతో నాకు నచ్చవు.

సంఖ్యల గురించి కూడా ఆశ తగ్గించుకోండి. జెమినిడ్స్ గంటకి 150 వరకు అని వార్తల్లో వస్తుంది. అది పూర్తి చీకటి ఆకాశం, ఉల్కలు బయల్దేరే చోటు సరిగ్గా నడినెత్తిన ఉండటం అనుకుని వేసిన లెక్క. మన పల్లెల్లో కంటికి గంటకి నలభై, యాభై కనిపిస్తే చాలా మంచి రాత్రి. విజయనగరం మేడ మీదైతే బాగా వెలిగేవి కొన్నే. కెమెరాకి అందులో చిన్న వంతు. మీ నలుగురూ నాలుగు దిక్కులకి తిరిగి పడుకుని లెక్క రాసుకోండి, మా పిల్లలతో నేను చేయించేది అదే. పదిహేను నిమిషాలకొకసారి ఎన్ని చూశారో నోట్‌బుక్కులో వేస్తే, రెండు గంటలకి సంఖ్య ఎలా పెరుగుతుందో మీకే తెలుస్తుంది.

ఫోను సంగతి: ఫోన్ కెమెరా నోరు చాలా చిన్నది, కాబట్టి పెద్ద ఉల్కలు మాత్రమే పడతాయి. అయితే జెమినిడ్స్ ఫోనుకి కొంచెం అనుకూలం. ఇవి సెకనుకి 35 కిలోమీటర్ల వేగంతో వస్తాయి, ఆగస్టులో వచ్చే పెర్సీడ్స్ 59. నెమ్మదిగా పోతే ఒక్కో పిక్సెల్ మీద ఎక్కువసేపు వెలుగు పడుతుంది. మీ స్నేహితుణ్ణి ఫోను స్టాండు మీద పెట్టి ప్రయత్నించనివ్వండి, పోయేదేమీ లేదు.

మామూలుగా ఉల్కాపాతానికి కారణం తోకచుక్క వదిలిన ధూళి. జెమినిడ్స్‌కి మాత్రం 3200 ఫేథాన్ అనే గ్రహశకలం. దాన్ని 1983లో ఐరాస్ అనే పరారుణ టెలిస్కోపు ఉపగ్రహం పట్టుకుంది. ఏడాదిన్నర లోపే సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగేస్తుంది, బుధుడి కక్ష్య కంటే లోపలికి పోయి వస్తుంది. ఉల్కల్ని మాత్రం జనం 1862 నుంచే గుర్తించారు. బిడ్డలు ముందు దొరికి, తల్లి 121 ఏళ్ళ తరవాత దొరికింది.

మందస జీడితోట:

లెన్సులు, ఐఎస్ఓలు సరేగాని, ఒక మాట. కొండల దగ్గర చీకటి బాగుంటుందని ఉద్దానం వైపు జీడితోటల్లోకి రావద్దు. ఇక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి. 2022లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగుబంటి జనం మీద పడిన సంగతి అందరికీ తెలుసు. సీతంపేట, పార్వతీపురం వైపైతే ఏనుగులు, తోటపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో రాత్రి పొలానికి పోవడానికే భయపడుతున్నారు. చీకట్లో కళ్ళు పైన పెట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చునే పని ఇది. ఊరివాళ్ళని అడగకుండా ఎక్కడా ట్రైపాడ్ వేయకండి.

గంటస్తంభం కుర్రాడు, విజయనగరం:

అందరికీ థాంక్సండీ. లెన్సు పోలేదని తెలిసింది, అది చాలు. హీటరు పట్టీ ఆర్డర్ పెట్టేశాను. బీచ్ క్యాన్సిల్. మా మేనమామది సంతకవిటి, మెట్ట మీదే కళ్ళం ఉంది, ఆయన్ని అడిగితే 'రండి, నాకూ కాపలాకి తోడు' అన్నారు.

అన్నయ్యా, ఇంకో రెండు. ఒకటి, వందల ఫోటోల్ని స్టాకింగ్ చేస్తే (ఒకదాని మీద ఒకటి పేర్చి కలిపితే) నాయిస్ పోతుందంటారు కదా, దానికి సీక్వేటర్ అనే సాఫ్ట్‌వేరు డౌన్‌లోడ్ చేశాను, అన్నీ అందులో వేసేయనా? రెండు, ట్రయల్ ఫోటోల్లో చాలా గీతలున్నాయి, అవి ఉల్కలా, శాటిలైట్లా?

పెళ్ళి ఫోటోల అన్నయ్య, నరసన్నపేట:

అన్నీ వేసేయకు. స్టాకింగ్ సాఫ్ట్‌వేరు చేసే పనే అది: అన్ని ఫోటోల్లో ఉన్నదాన్ని ఉంచుతుంది, ఒక్కదాంట్లోనే ఉన్నదాన్ని చెత్త అనుకుని తీసేస్తుంది. ఉల్క ఒక్క ఫోటోలోనే ఉంటుంది. రాత్రంతా కాపలా కాసి పట్టుకున్నదాన్ని అదే ఊడ్చేస్తుంది. ముందు ఫోటోలన్నీ ఒక్కొక్కటీ పెద్దవి చేసి నువ్వే చూడాలి. విసుగు పుడుతుంది, తప్పదు, పెళ్ళి ఆల్బమ్‌కి ఫోటోలు ఏరడం కంటే నయమే. ఉల్క ఉన్నవి వేరే ఫోల్డరులో పెట్టు. తరవాత వెనకాల ఆకాశం కోసం ఓ ఇరవై ఫోటోలు స్టాక్ చేసి, దాని మీద ఉల్క ఉన్న ఫోటోల్ని లేయర్లుగా పరిచి, మాస్కుతో ఒక్క ఆ గీతని మాత్రం తీసుకో. రాత్రంతా చుక్కలు కదులుతాయి కాబట్టి ప్రతి లేయరునీ కింద ఉన్న చుక్కలకి సరిపోయేలా తిప్పి కూర్చోబెట్టాలి. అలా చేస్తేనే గీతలన్నీ పునర్వసు వైపు నుంచి విచ్చుకున్నట్టు వస్తాయి. గీతల్ని తోచినచోట అతికించి ఒకే రాత్రి బొమ్మ అని పెట్టేవాళ్ళున్నారు, నాకు అది అస్సలు నచ్చదు.

గీతలు గుర్తుపట్టడం తేలికే. ముందు ఫోటోలోనూ, తరవాతి ఫోటోలోనూ అదే దారిలో గీత సాగితే శాటిలైట్. వరసగా చుక్కలు చుక్కలుగా ఉంటే విమానం. చెన్నై, కలకత్తా మధ్య తిరిగేవి మన తీరం మీదుగానే పోతాయి. ఉల్క గీత సన్నగా మొదలై, మధ్యలో లావై, మళ్ళీ సన్నబడుతుంది. చాలాసార్లు ఒక కొస ఆకుపచ్చగా ఉంటుంది. నీ ట్రయల్ సాయంత్రం వేశావు కాబట్టి శాటిలైట్లు ఎక్కువ పడి ఉంటాయి. అర్ధరాత్రికి తక్కువ ఎత్తులో తిరిగేవి భూమి నీడలోకి పోతాయి, ఆ బాధ తగ్గుతుంది.

సంతకవిటి అంటే ఒక పక్క శ్రీకాకుళం వెలుగు, ఇంకో పక్క రాజాం వెలుగు. కెమెరా నైరుతి వైపు తిప్పు. అర్ధరాత్రి దాటాక గొరుకొయ్యలు అటే వాలతాయి, వాటిని ఫ్రేములో పెట్టుకో. ఉల్కలు బయల్దేరే చోటుకే గురిపెట్టకు, అక్కడ గీతలు పొట్టిగా వస్తాయి. దానికి కాస్త ఎడంగా ఉంటేనే పొడుగ్గా సాగుతాయి. మామయ్యగారికి చెప్పు, టార్చి వేయాల్సి వస్తే నేలకేసి వేయమని. దాని అద్దానికి ఎర్ర జిలెటిన్ కాగితం చుడితే మీ కళ్ళకీ మంచిది.

ఫోటోలు ఇక్కడే పెట్టు, నేనూ 15 పొద్దున్న పెడతాను. వాట్సాప్‌లో మాత్రం పంపకు, అది కుదించే కుదింపుకి ఉన్న ఒక్క ఉల్కా ఎగిరిపోతుంది.